పచ్చగడ్డి తొక్కే రోజు

"గిప్పుడే తుడిచిన బండల మీద గీ తెల్ల అడుగులేంది? జర చూసి నడువరాదా?" అతీఖ్ భార్య మీద అరిచాడు.

"నావి గావు, మీ అమ్మీవి," అంది జబీన్.

ముస్లింల సఫర్ నెల ఆఖరి బుధవారం. ఏటా ఈ రోజు వాగు ఒడ్డున పచ్చగడ్డి తొక్కి రావడం ఆ ఇంటి ఆనవాయితీ. అలా వెళ్లొచ్చిన అతీఖ్ తల్లి సైరా బేగం గుమ్మంలో కూర్చుంది. చీలమండల దాకా తెల్లటి బురద.

"గడ్డి యాడుందిరా? అంతా రాతిపొడి బురదే. వాగుల పురుగు గూడ బతుకది."

"అందరు పోస్తున్నరమ్మీ. నా బండల పాలిష్ యూనిట్ ఒక్కటేనా?"

"నేను నిలబడ్డ కాడ పోసింది మన ట్రాక్టరే. డ్రైవర్ నాకు సలాం గూడ చేసిండు."

జబీన్ నీళ్లు తెచ్చినా సైరా బేగం కాళ్లు కడగనివ్వలేదు. అన్నానికి పరిచిన దస్తర్‌ఖాన్ ముందు ఆ బురద కాళ్లతోనే కూర్చుంది. అన్నం పక్కన ఆ తెలుపు చూసి అతీఖ్ చేతిలోని ముద్ద పళ్లెంలో వదిలేశాడు.

"అసయ్యమైతుందా?" అందామె. "రేపటి సంది ట్రాక్టర్ మన వాకిట్లకే వస్తది. డ్రైవర్‌కు చెప్పిన. గేటు నేనే తీస్త. జబీన్ బిడ్డా, నువ్వు బండలు తుడుసుడు బంద్ చెయ్."