రాళ్లమీద బంతి

“రోజూ వాననా? అయితే ఆళ్ల దేవుడూ మన దేవుడూ ఒగడే అంటే నేను నమ్మనప్పా!” అన్నాడు ఓబులేసు.

చర్చి అరుగు మీద నవ్వులు లేచాయి. ఉపదేశి ఆనందం మాత్రం నవ్వలేదు. సముద్రం అవతలి తన దేశం నుంచి దొర రాసిన ఉత్తరం మీద వేలు పెట్టుకుని, ఇంగ్లీషులో ఒక ముక్క చదివి తెలుగులో చెబుతున్నాడు.

“గోల్ఫు ఆడేవాడు చచ్చేలోగా ఒక్కసారైనా కాలు పెట్టాలనుకునే మైదానమిది, గాబ్రియేలూ. ఒకపక్కంతా సముద్రం. ఎవరూ నీళ్లు పోయకుండానే గడ్డి తివాచీలా పరుచుకుంది. గాలికి తాళలేక గొర్రెలు ఇసుక గుంతల్లో ముడుచుకుని పడుకుంటాయి. రాజులు నడిచిన దారిలోనే చేపలు పట్టేవాళ్లూ నడుస్తారు.”

గాబ్రియేలు భార్య విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. వంకలో చెలమ తవ్వి, ముంతతో తోడి, ఒక్క కడవ నింపుకునేసరికి ఆమెకు పొద్దు బారెడెక్కుతుంది. ఎవరూ పోయకుండా, అంత గడ్డి! పరలోకం గురించి పాస్టరు చెప్పినప్పుడు కూడా ఆమెకు ఒళ్లు ఇంతగా జలదరించలేదు.

“దొర రాత బాగుపడిందబ్బా. మునుపు కోడి గెలికినట్టుండేది,” అని ఆనందం పేజీ తిప్పాడు. “ఇంత గొప్ప మైదానంలోనూ నాకు ఒకటి లోటు. ఇక్కడ గడ్డిలో పడితే బంతి చప్పుడు చేయదు. నీలాగా కేక పెట్టేవాడూ లేడు. ఎన్ని చూసినా నేను ఆడాలనుకునేది మన మైదానమే. క్రిస్మసుకు వస్తున్నాను. ఒంట్లో ఓపిక లేదు. మొదటి గుంత ఒక్కటీ ఆడితే చాలు.”

గాబ్రియేలు మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ మైదానం ఇప్పుడు లేదు. ముగ్గురాయి గనికి దొర మేనేజరుగా ఉన్న ఇరవై ఏళ్లూ గాబ్రియేలు ఆయన గోల్ఫు కట్టెల సంచి మోశాడు. ఈ నేలలో గడ్డి మొలవదు గనుక బంతి పడాల్సిన గుంత చుట్టూ ఇసుకలో పాత ఇంజను నూనె కలిపి పరిచేవాడు. గోనెసంచి ఈడ్చి నున్నగా చేసేవాడు. ఎండలో నేల ఆవిర్లెత్తి జెండా కనబడదు. అందుకని గుంత దగ్గర నిలబడి “ఓయ్ దొరా!” అని కేక పెట్టేవాడు. దొర ఆ కేకకు గురిపెట్టి కొట్టేవాడు. దొర వెళ్లిన రెండేళ్లకు గని పెరిగి మైదానాన్ని మింగేసింది. మైదానం ఎట్లా ఉందని దొర ప్రతి ఉత్తరంలోనూ అడగడం, “అట్లే ఉండాది దొరా” అని గాబ్రియేలు రాయించడం.

“నిజం రాయించు,” అంది విశ్వాసమ్మ ఇంటికొచ్చాక.

“ఓడెక్కినోనికి యాడికని రాయించేదే? ఇరవై ఏండ్లలో ఆ మనిషికి నేను ఒగ అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు నా మొగం చూసి ఏమనుకుంటాడు?”

విశ్వాసమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. “అయితే ఇంగొగటి చేద్దాం. ఒగ గుంతే గదా అడిగింది.”

ఓబులేసు తన బీడు చూపించాడు. “శెనక్కాయే మొలవని నేలప్పా. దొర బంతులన్నా మొలుస్తాయేమో చూడండి!” అన్నాడు. అన్నవాడే బండి కట్టి వంక ఇసుక తోలాడు. లారీ డ్రైవరు నల్లనూనె ఇచ్చాడు. గుంతలో పాలపొడి డబ్బా పాతారు. విశ్వాసమ్మ ఎర్రచీర కొంగు జెండా అయింది. అన్నీ కుదిరాయి గానీ, మొదటి గుంతకు అడ్డంగా ఉండిన రెండు ఈతచెట్లను మాత్రం ఎవరూ తేలేకపోయారు.

క్రిస్మసు మరునాడు దొర కోడూరు స్టేషనులో దిగి కారులో వచ్చాడు. సన్నబడ్డాడు. టోపీ కళ్లమీదికి దించుకున్నాడు. దొరసాని చెయ్యి వదలకుండా నడుస్తున్నాడు.

“ఈ వయసులోనూ పెండ్లినాటి మాదిరే పట్టుకుండాడు చూడక్కా,” అని ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

దొర రెండు చేతులా గాబ్రియేలు చెంపలు నిమిరాడు. “ముసలోడివైపోయినావు గాబ్రియేలూ.” తర్వాత వంగి, పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. “ఈతచెట్ల మీదుగానే గదా కొట్టాల?”

గాబ్రియేలు బంతిని పీచు చాప ముక్క మీద పెట్టి, దొర చేతికి కట్టె అందించి, తలవంచుకుని గుంత దగ్గరికి నడిచాడు. విశ్వాసమ్మ దొర మొహంలోకి చూసింది. దొర ఎగతాళి చేస్తున్నాడా? చెట్లు ఏవని ఇక అడగబోతున్నాడా?

“ఓయ్ దొరా!”

దొర తల ఎత్తాడు. కట్టె గాలిని కోసింది. బంతి రాళ్లమీద పడి టకటకటకా పరుగెత్తింది. ఆ చప్పుడు ఆగేదాకా దొర కళ్లు మూసుకుని నిలబడ్డాడు, ప్రార్థనలో నిలబడినట్టు. ఓబులేసు కూడా తలగుడ్డ తీసేశాడు.

మూడో దెబ్బకు బంతి డబ్బాలో ఠంగున పడింది.

“అంతా అట్లే ఉండాది గాబ్రియేలూ!” అన్నాడు దొర. ఆయన చెంపలమీద కన్నీళ్లు కారుతున్నాయి. గాబ్రియేలు ఆయన చేతులు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఎంత పెద్ద మనసు, అనుకుంది విశ్వాసమ్మ. చూసీ చూడనట్టు పోయి నా మొగుని పరువు నిలబెట్టినాడు. చర్చి అరుగు మీద దొరసానికి టీ ఇస్తూ ఆగలేకపోయింది.

“తప్పయిపాయ దొరసానమ్మా. ఆ మైదానం ఇది కాదు. చెట్లు లేవని దొర కనిపెట్టి కూడా మమ్మల్ని ఒగ మాట అనలేదు.”

దొరసాని కప్పు కింద పెట్టింది.

“ఆయనకు చూపు పోయి నాలుగేళ్లయింది, విశ్వాసమ్మా.”