ఒక్క మాట కోసం ఓట్స్

బస్సు డ్రైవరు కుక్కర్ మూత తీసి తొంగిచూశాడు. లోపల ఓట్స్ లేవు. పోసినవన్నీ విజిల్ దారిన బయటికొచ్చి పొయ్యి మీదా, గోడ మీదా, పైకప్పు మీదా అతుక్కున్నాయి.

వంటింటి గుమ్మంలో నిలబడి భార్య అదంతా చూసింది. ఏదైనా అందామన్నా అనే వీల్లేదు పాపం. స్నానాల గదిలో జారిపడి దవడ విరిగితే, డాక్టరు పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి తీగలతో బిగించేశాడు. పైగా గడ్డం కింద నుంచి నెత్తి దాకా కట్టు. తిండంతా స్ట్రాతోనే. ఒక్క మాట కూడా మాట్లాడొద్దని మరీ మరీ చెప్పి పంపాడు.

ఆవిడ ఉద్యోగమే మాట్లాడటం. బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరూ మైకూ ఆవిడవే. ఇంటికొచ్చినా ఆ మైకు ఆగదని డ్రైవరు స్నేహితుల దగ్గర వాపోయేవాడు. అందుకే తీగలు బిగించిన రోజున లోలోపల కాస్త సంబరపడ్డాడు కూడా, దొంగ మొహం!

ఆ సంబరం రెండు రోజులు కూడా నిలవలేదు. ఇల్లు బోసిపోయింది. "లైటు ఆర్పరేం?" అనే దిక్కులేక పట్టపగలు కూడా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. బస్సు స్టాండులోకి తిప్పగానే మైకులో వేరే ఎవరిదో గొంతు వినబడితే, స్టీరింగు పట్టుకుని బిక్కమొహం వేసుకు కూర్చునేవాడు. ఆవిడ తిడితే వినాలని ఉంది. ఒక్క తిట్టు చాలు.

"పొద్దున టిఫిను నాది," అని చొక్కా చేతులు పైకి మడిచాడు. డ్యూటీ ఎలాగూ మధ్యాహ్నం నుంచే. ఓట్స్ మీగడలా ఉండాలి, స్ట్రాలో ఇరుక్కోకూడదు అన్నాడు డాక్టరు. అదెంత పని అనుకున్నాడు. జీవితంలో టీ కూడా పెట్టుకోని మనిషి.

ఓట్స్ పైకప్పుకెక్కిన సంగతి విని మరదలు ఫోనులోనే తల బాదుకుంది.

"ఓట్స్ నేరుగా కుక్కర్లో పోస్తారా బావా ఎవరైనా? పొంగి విజిల్‌కి అడ్డం పడవూ? అడుగున నీళ్ళు పొయ్. గిన్నెలో ఓట్సూ పాలూ నీళ్ళూ కలిపి మూత పెట్టి, ఆ గిన్నెని లోపల పెట్టు. రెండు విజిల్స్ రాగానే స్టవ్ కట్టెయ్. ఆవిరంతా దానంతటదే పోయేదాకా కుక్కర్ జోలికెళ్ళకు."

"అంతసేపు ఎట్లా ఆగేది?"

"సిగ్నల్ దగ్గర ఆగవూ? అట్లాగే."

"సిగ్నల్ దగ్గరైతే హారన్ కొడతానమ్మా!"

మర్నాడు అడుగున నీళ్ళు పోయడం మర్చిపోయాడు. కుక్కర్ మాడి నల్లబడింది. ఇంకో రోజు మూతకి రబ్బరు పెట్టలేదు. విజిల్ కోసం చూసి చూసి నిలబడే కునుకు తీశాడు. ఆ తర్వాత ఒక రోజు అన్నీ కుదిరాయి గానీ సరుకు స్ట్రా ఎక్కలేదు. ఆవిడ బుగ్గలు లోపలికి పోయేలా పీల్చి, విసుగొచ్చి పలక అందుకుని రాసింది: "సిమెంటు."

డ్రైవరు పకపకా నవ్వాడు. ఆ మాట ఆవిడ గొంతుతో అని ఉంటే ఎంత బావుండేదో అనిపించి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇదుగో, తీగలు తీసిన రోజున నీ మొట్టమొదటి మాట నా ఓట్స్ గురించే కావాలి," అన్నాడు. "బాగుందనైనా సరే, తగలేశారనైనా సరే. నీ నోటితో వినాలి."

ఆవిడ తలూపింది.

ఇక పట్టు వదల్లేదు. పాలు పెంచాడు. దించాక పప్పుగుత్తితో మెదిపాడు. టీ వడకట్టే జాలీలో వడగట్టాడు. మగ్గిన అరటిపండు కలిపాడు. ఉప్పు చిటికెడు చాలని కనిపెట్టాడు. నెల తిరిగేసరికి ఓట్స్ గ్లాసులోకి మీగడలా జారుతున్నాయి.

ఆవిడా తేరుకుంది. కట్టు తనే కట్టుకుంటోంది. చెల్లెల్ని తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తోంది. పొద్దున్నే డ్రైవరు వంటింట్లో కుస్తీ పడుతుంటే, కిటికీ దగ్గర కాళ్ళు చాపుకుని పేపరు చదువుతోంది. పలక మీద హుకుములు కూడా పెరిగాయి. "దాల్చినచెక్క వేయండి." "ఖర్జూరం తెండి." "బిస్కెట్లు మాయమవుతున్నాయి, ఎలుకల బోను పెట్టండి." అన్నీ చేశాడు. బోనూ పెట్టాడు. గడుసు ఎలుక, ఒక్కరోజూ చిక్కలేదు.

"తీగలు ఎప్పుడు తీస్తారట?" అనడిగాడు ఒక ఉదయం, గ్లాసు అందిస్తూ.

ఆవిడ అతనికేసి అలా చూస్తూ ఉండిపోయింది. పలక మీద ఏదో రాసి, అరచేత్తో చెరిపేసి, మళ్ళీ రాసింది: "ఇంకో గ్లాసు."

ఆ మధ్యాహ్నం బస్టాండులో మైకు మోగింది. మళ్ళీ అదే పరాయి గొంతు. డ్రైవరు ఇక ఆగలేకపోయాడు. టీ కొట్టు పక్కకెళ్ళి డాక్టరుకి ఫోను చేశాడు.

"డాక్టరుగారూ, ఎంక్వయిరీ కౌంటరావిడ భర్తనండీ. ఇంక నావల్ల కాదండీ. ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటున్నాను. ఆవిడ గొంతు వినక పిచ్చెక్కేట్టుంది. మీకు పుణ్యముంటుంది, ఆ తీగలు ఎప్పుడు తీస్తారో చెప్పండి."



"అదేంటండీ, పోయిన వారమే తీసేశాను కదా, తీసీ తీయగానే మీ ఆవిడ కుర్చీ కూడా దిగకుండా గంటసేపు మీ ఓట్స్ గురించే చెబితే మా క్లినిక్కంతా విన్నాం!"