మూడు చుట్లు

పొద్దున్నే ఏలూరు నుంచి మొదటి బస్సు తోలుకొచ్చిన దాదాపీర్‌కి, తాడేపల్లిగూడెం నాలుగు రోడ్ల కూడలిలో కట్టిన కొత్త రౌండు మధ్యలో ఉండాల్సిన దీపస్తంభం నేలమీద పడి కనిపించింది.

సున్నం కొట్టిన రాళ్ళు చెల్లాచెదురయ్యాయి. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లిన మట్టిలో మోటారు చక్రాల జాడలు. ఒకదాని మీద ఒకటి, మూడు చుట్లు.

బస్సు ఆపి పోలీసులకి కబురంపాడు. అదే అతని కొంప ముంచింది.

"ఇంత పొద్దున్నే ఈ దారిన వచ్చే మోటారు నీదొక్కటే," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ రామకోటి. "రౌండనుకున్నావా, రంగులరాట్నమనుకున్నావా?"

"నేనే పడగొడితే నేనే కబురంపుతానాండీ?"

"తెలివైనవాడు అదే చేస్తాడు. పదిగంటలకి కలెక్టరు దొరగారు దీన్ని ప్రారంభించడానికొస్తున్నారు. ఈలోగా నాకో మనిషి కావాలి. లైసెన్సు తియ్యి."

దాదాపీర్ జేబు మీద చెయ్యేసుకున్నాడు. లైసెన్సు పోతే మళ్ళీ జట్కాయే. ఆ గుర్రాన్ని కూడా ఎప్పుడో అమ్మేశాడు.

అంతలో రోడ్ల ఇంజనీరు పాండురంగారావు గబగబా నడిచొచ్చాడు. ఈ రౌండు గీసిందీ కట్టించిందీ ఆయనే. తలపాగా కనుబొమల దాకా దించుకుని ఉన్నాడు.

"దొరగారిని మీ కారులోనే రౌండు తిప్పుతారటగా సార్. కారేదీ?" అడిగాడు రామకోటి.

"డ్రైవరు కొల్లేటికోట జాతరకెళ్ళి ఇంకా రాలేదయ్యా." ఇంజనీరు కూలిన స్తంభం వంక చూడకుండా దాదాపీర్ వైపు తిరిగాడు. "రౌండు దగ్గరికొస్తూ నువ్వేం చేస్తావు?"

పరీక్ష మొదలైందని దాదాపీర్‌కి అర్థమైంది. ఒక్క మాట తడబడినా అయిపోతాడు.

"దూరం నుంచే వేగం తగ్గిస్తానండీ. కుడివైపు చూస్తాను. అప్పటికే లోపల బండి తిరుగుతుంటే ఆగి దానికి దారిస్తాను."

"తర్వాత?"

"ఎడమపక్కగా దూరి, స్తంభాన్ని కుడిచేతికి ఉంచుకుని తిరుగుతానండీ."

"సరే. బయటికి?"

"నా రోడ్డుకి ముందు రోడ్డు దాటగానే ఎడమకి జరుగుతానండీ. వెనకవాడికి తెలిసేలా చెయ్యి ఊపుతాను."

"ఆ రోడ్డు తప్పిపోతే?"

"కంగారుపడి స్టీరింగు తిప్పెయ్యకూడదండీ. నిదానంగా ఇంకో చుట్టు తిరిగి రావడమే."

"అప్పుడూ తప్పితే?"

రామకోటి పకపకా నవ్వాడు. "మూడో చుట్టుకొచ్చేశాడు సార్. దొరికాడు."

దాదాపీర్‌కి ఒళ్ళు మండింది. "పదకొండేళ్ళుగా తోలుతున్నానండీ. స్టీరింగు పట్టడం రానివాడు తప్ప మూడుసార్లు ఎవడూ దారి తప్పడు."

"కబుర్లు చాలు. ఇటివ్వు."

దాదాపీర్ లైసెన్సు తీసి ఇవ్వబోయాడు. రామకోటి అందుకునేలోపే పాండురంగారావు దాన్ని తీసుకుని, మడతపెట్టి, మళ్ళీ దాదాపీర్ జేబులోనే పెట్టాడు.

"అదేమిటి సార్?" అన్నాడు రామకోటి.

ఇంజనీరు తలపాగా తీశాడు. నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి.

"బయటికెలా రావాలో తెలియలేదయ్యా."