కదలని అంకె

గోడకున్న పెట్టె మళ్ళీ కూసింది. చిన్న తెర మీద ఎర్రగా ‘ఈ-4’.

‘‘పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి!’’ విసుక్కున్నాడు సూపర్‌వైజర్. ఉద్యోగంలో చేరి మూడు నెలలే అయినా, కార్మికులు అప్పుడే ఆయనకు ‘తొందర సార్’ అని పేరు పెట్టేశారు.

అది వంటనూనె ఫ్యాక్టరీ. నూనె పాడవకుండా పెద్ద ట్యాంకులో నైట్రోజన్ నింపి ఉంచుతారు. నిన్న రాత్రి ట్యాంకు ఖాళీ చేశారు. ఇవాళ కడగడానికి మనుషులు లోపలికి దిగాలి. దిగేముందు లోపలి గాలిలో ఆక్సిజన్ నూటికి ఎంతుందో ఆ పెట్టె చెప్పాలి. సన్నటి గొట్టంతో ట్యాంకులోని గాలిని పీల్చి అంకె చూపించడమే దాని పని.

తొందర సార్ స్విచ్ ఆపి మళ్ళీ వేశాడు. కోడ్ పోయింది. ఇరవై పాయింట్ తొమ్మిది అని అంకె వచ్చింది.

‘‘భేషుగ్గా ఉంది. దిగండి.’’

ట్యాంకులోకి దిగాల్సిన కార్మికులు, బావా బావమరుదులిద్దరూ నడుములకు తాళ్ళు బిగించుకున్నారు.

‘‘ముందు నువ్వు దిగు బావా, పెద్దవాడివి.’’

‘‘పని దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని మర్యాదా గుర్తొస్తుందిరా నీకు’’ అంటూ బావ నిచ్చెన మీద కాలు పెట్టాడు.

‘‘ఆగండి!’’

అందరూ తిరిగి చూశారు. స్టోర్ గది ముందు బెంచీ మీద కూర్చున్న యాభై ఏళ్ళావిడ లేచి నిలబడింది. బాగుచేసిన మీటరొకటి ఇచ్చి, రసీదు కోసం అప్పటిదాకా కాచుకునుంది.

‘‘ఆ అంకె తప్పు సార్.’’

‘‘చూడమ్మా, మీ రసీదు స్టోర్‌లో ఇస్తారు. ఇక్కడ మీకేం పని?’’

‘‘మనం నిలబడ్డ చోట గాలిలోనూ ఇరవై పాయింట్ తొమ్మిదే ఉంటుంది. నిన్నటిదాకా నైట్రోజన్ ఉన్న ట్యాంకులో కూడా సరిగ్గా అంతే ఎలా ఉంటుంది?’’

‘‘పొద్దున గంటసేపు ఫ్యాను పెట్టాం.’’

‘‘మరి ఈ-4 ఎందుకొస్తోంది?’’

‘‘పాత పెట్టె. దానికి రోజూ ఏదో ఒక గోల.’’

‘‘గాలి సరిగా అందడం లేదని మొత్తుకుంటోంది సార్ అది. స్విచ్ ఆపితే కోడ్ పోతుంది, రోగం పోదు.’’

తొందర సార్‌కి ఒళ్ళు మండింది. సాయంత్రానికల్లా పని తెమలాలని మేనేజరు మరీ మరీ చెప్పాడు. మీటర్లు మోసుకొచ్చే మనిషి తనకు పాఠం చెప్పడమా!

‘‘రెండే నిమిషాలు’’ అందావిడ. ‘‘ట్యాంకు దగ్గర ఆ గొట్టం ఊడదీసి, చివర నోరు పెట్టి ఊదండి. మనం వదిలే ఊపిరిలో ఆక్సిజన్ తక్కువ. అంకె కచ్చితంగా పడాలి. పడిందంటే మీ కాళ్ళకో దండం పెట్టి వెళ్ళిపోతాను.’’

బావ నిచ్చెన మీంచి కాలు తీసేశాడు. ‘‘ఊదండి సార్, పోయేదేముంది?’’

ఊదాడు. బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాడు.

అంకె కదల్లేదు.

ఆవిడ దగ్గరికొచ్చింది. గొట్టం వెంబడే చెయ్యి పోనిచ్చి, మధ్యలో ఉన్న గాజు గిన్నె దగ్గర ఆగింది. గిన్నె విప్పింది. లోపలి ఫిల్టరు నూనె జిడ్డుతో ముద్దయిపోయి ఉంది. గిన్నె అంచున ఉండాల్సిన రబ్బరు రింగు మెలితిరిగి పక్కకు జారింది.

‘‘ట్యాంకు గాలి ఈ జిడ్డు దాటి రాలేకపోతోంది. ఈ రింగు పక్క సందులోంచి పెట్టె బయటి గాలి పీలుస్తోంది. అది ఇందాకట్నుంచీ చూపిస్తున్నది ట్యాంకుని కాదు, మనల్ని.’’

కొత్త ఫిల్టరు తెప్పించింది. గొట్టం శుభ్రం చేయించింది. రింగుని తుడిచి, వేలికొసతో చుట్టూ నొక్కుతూ గాడిలో కూర్చోబెట్టింది.

‘‘ఇప్పుడు ఊదండి.’’

పంతొమ్మిది... పద్దెనిమిది... పదిహేడు.

‘‘పడింది!’’ బావమరిది ఎగిరి గంతేశాడు.

గొట్టం తిరిగి ట్యాంకుకి తగిలించారు. అంకె ఇంకా దిగింది. పదమూడు. తొమ్మిది. ఆరు. షెడ్డంతా దద్దరిల్లేలా సైరన్ మోగింది.

‘‘ఆరంటే?’’ అడిగాడు బావ.

‘‘రెండు మూడు ఊపిర్లు. అరవడానికి కూడా టైముండదు.’’

తొందర సార్ తనే వెళ్ళి నిచ్చెన పక్కకు తీసేశాడు.

ఆ తర్వాత ఆయన తొందరపడలేదు. రెండు పెద్ద ఫ్యాన్లు పెట్టించి, మూడు గంటలు ట్యాంకు పక్కనే నిలబడ్డాడు. అరగంటకోసారి గొట్టం ఊడదీసి తనే ఊది చూసుకున్నాడు. ట్యాంకు గాలి ఇరవై పాయింట్ ఎనిమిదికి చేరి నిలిచాకే దిగనిచ్చాడు.

సాయంత్రం బావా బావమరుదులు ఒళ్ళంతా నూనె మెరుస్తుంటే పైకొచ్చారు. షెడ్డంతా ఈలలు, చప్పట్లు.

‘‘నువ్వు పోతే పోయావు గానీ బావా, నిన్నక్కడే వదిలేసి ఒక్కణ్ణే ఇంటికెళ్తే మా అక్క నన్ను బతకనిచ్చేదా!’’ అన్నాడు బావమరిది. నవ్వీ నవ్వీ అందరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు గుర్తొచ్చింది తొందర సార్‌కి. బెంచీ ఖాళీగా ఉంది. గబగబా స్టోర్‌లోకి నడిచాడు. స్టోర్‌కీపరు పాతికేళ్ళుగా అక్కడే ఉన్న మనిషి.

‘‘ఆవిడేరీ?’’

‘‘సైరన్ ఆగాక కాసేపుండి వెళ్ళిపోయారు సార్.’’

‘‘పేరైనా అడగలేదు నేను. కసిరాను కూడా. రేపే మేనేజరు గారితో మాట్లాడతాను. అంత పని తెలిసిన మనిషి ఉండాల్సింది ఇక్కడ.’’

‘‘రారు సార్. ఎన్నిసార్లు పిలిచినా రాలేదు.’’

‘‘ఇంతకీ ఇంత పని ఎక్కడ నేర్చుకున్నారు?’’

‘‘ఇక్కడే.’’ స్టోర్‌కీపరు గేటు వైపు చూశాడు. ‘‘వెళ్తూ వెళ్తూ ఇవాళ నవ్వారు సార్. పద్నాలుగేళ్ళలో ఆవిడ నవ్వగా చూడటం నాకిదే మొదలు.’’

‘‘అదేంటి?’’

‘‘అప్పట్లో మీ సీట్లో ఉన్నది ఆవిడే. ఇదే ట్యాంకు, ఇదే అంకె... దిగమని సంతకం పెట్టింది ఆవిడ, దిగింది ఆవిడ భర్త.’’