ముందు మన వీధి

నలభై ఆరు డిగ్రీల ఎండ. గ్రిడ్ కూలిపోకుండా కొన్ని వీధులకు వెంటనే కరెంటు తీసేయమని అడిలైడ్‌లోని మా కంట్రోల్ రూముకి ప్రభుత్వం అత్యవసర ఆదేశం పంపింది.

మీట నొక్కే వంతు ఎవరిదైతే వాళ్లు ముందు తమ వీధికే తీయాలన్నది మా ఆనవాయితీ. ఈరోజు వంతు లెస్టర్‌ది.

"ఈసారికి మీ వీధి వదిలెయ్ మామా," అన్నాను.

"పక్కవీధి ముసలాళ్లు మాడిపోతుంటే నా ఇంట్లో ఏసీ నడవాలా? పెద్ద చెప్పొచ్చావు!" అన్నాడు లెస్టర్.

ఎప్పటిలాగే ముందు ఇంటికి ఫోన్ చేశాడు. "డోరీన్, తీసేస్తున్నా. తడిగుడ్డ కప్పుకుని పడుకో. త్వరగా వచ్చేస్తాలే."

మీట నొక్కాడు. అప్పటిదాకా రిసీవర్లో వినిపిస్తూనే ఉన్న ఆ ఇంటి ఫోన్ రింగు, అక్కడ కరెంటు పోగానే ఆగిపోయింది.

ఎత్తడానికి అక్కడ ఎవరూ లేరు. నిరుటి వేసవిలో లెస్టర్ ఇలాగే మీట నొక్కిన మధ్యాహ్నం, ఆ ఉక్కకే అతని భార్య డోరీన్ పోయింది.