తొందరేం లేదు

కోర్టు హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

కూల్చివేతల అధికారి న్యాయమూర్తి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బూట్ల మీద ఇటుకపొడి ఇంకా అలాగే ఉంది.

"దర్జీల వీధి కూల్చకూడదని ఈ పూట నేను ఉత్తర్వు చదవాల్సి ఉంది. తెల్లారేసరికి మీరు వీధంతా నేలమట్టం చేశారు. అవునా?"

"అవునండీ."

"ఉత్తర్వు వచ్చాక కూలిస్తే నేరం. రాకముందు కూలిస్తే డ్యూటీ. అంతేగా మీ లెక్క?"

అధికారి తల దించుకున్నాడు.

"రోడ్డు వెడల్పు చెయ్యాలని చట్టం చేసింది శాసనసభ. అమలు చేసేది మీరు. అది న్యాయమో కాదో చెప్పేది మేము. ఈ మూడింటి మధ్యా గోడలున్నాయి కాబట్టే జనం ధైర్యంగా నిద్రపోతున్నారు. నా గోడకి కన్నం వేసిందెవరు? నేను చదవని తీర్పు మీకెలా తెలిసింది?"

వేలు చూపించబోతూ చెయ్యెత్తాడు న్యాయమూర్తి. పాత నల్లకోటు చంక దగ్గర పర్రుమంది. వెనక బెంచీలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆయన గబుక్కున చెయ్యి దించేశాడు.

కోపం ముందు వరసలో కూర్చున్నావిడ మీదికి మళ్లింది. దర్జీలందరి తరఫునా కోర్టుకెక్కింది ఆవిడే.

"నీకేమైందమ్మా? కూలుస్తామని నోటీసులిచ్చారుగా. మిషన్లైనా ముందే తీసేసుకోవద్దూ?"

ఆవిడ లేచింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. తియ్యడం మర్చిపోయినట్టుంది.

"తప్పు నాదేనండీ. నిన్న మావాళ్లంతా మూటలు కట్టేశారు. బట్టలిచ్చినవాళ్లు కూడా సగం కుట్టినవే లాక్కుపోతున్నారు. సాయంత్రం ఒకరు ధైర్యంగా మాట్లాడితే, వాళ్లకే లేని భయం మనకెందుకని కట్టిన మూటలు నేనే విప్పించాను. ఇప్పుడు మిషన్లన్నీ ఇటుకల కింద ఉన్నాయి. పక్కకొట్టు బాబాయి నన్ను ఒక్క మాట అనలేదండీ. అన్నా బాగుండేది."

"దారినపోయేవాళ్ల మాటలు నమ్ముకుంటే ఇలాగే ఉంటుంది. కూర్చో."

ఆవిడ చెంగుతో మొహం కప్పుకుని కూర్చుంది.

ఇక మిగిలింది గుమాస్తా. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఈ హాల్లోనే పని చేస్తున్నాడు.

"ఉత్తర్వు టైపు చేసింది నువ్వు. చెప్పింది నేను. మూడోవాళ్లకి తెలీదు."

"మా అమ్మ మీద ఒట్టండీ. నేను ఎవరికీ చెప్పలేదు."

"అయితే బల్లకి నోరొచ్చిందంటావా?"

గుమాస్తా తల వాలిపోయింది. అతని పక్కనున్న బంట్రోతు కొంచెం ఎడంగా జరిగి నిలబడ్డాడు, అంటుకుంటుందేమో అన్నట్టు.

"నన్ను చూడండి" అన్నాడు న్యాయమూర్తి హాలంతా కలియజూస్తూ. "పెళ్లిళ్లకి వెళ్లను. వాకింగుకి ఒక్కణ్ణే పోతాను. భోజనం దగ్గర పేపర్లోంచి తలెత్తను. మా ఇంట్లో కేసు మాట వినపడి ఎన్నేళ్లయిందో! ఈ కుర్చీకి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి."

తర్వాత అధికారి వైపు తిరిగాడు.

"ఎవరు చెప్పారో ఇప్పుడే చెప్పండి. లేదంటే ఈ గుమాస్తాని ఈ పూటే ఇంటికి పంపిస్తాను. పింఛను కూడా రాదు."

అధికారి గుమాస్తాని చూశాడు. గుమాస్తా నేలను చూస్తున్నాడు.

"అయ్యా, తమరి గదిలో ఒంటరిగా మనవి చేసుకుంటాను."

"నా గదిలో వినే మాట ఏదైనా నేను ఇక్కడే వింటాను."

"బతిమాలుకుంటున్నానండీ."

"నాకు దాపరికాలు లేవు. చెప్పండి!"

అధికారి గొంతు సవరించుకున్నాడు.

"గుమాస్తాగారికి ఏ పాపం తెలీదండీ. నాకు ఎవరూ చెప్పలేదు. నేనే విన్నాను. నిన్న సాయంత్రం ఆ వీధిలో గోడల మీద సుద్దతో గుర్తులు పెడుతున్నాను. అందరూ బట్టలు పట్టుకుని పరుగులు తీస్తుంటే ఒకావిడ మాత్రం నిమ్మళంగా నిలబడ్డారు. మీదీ పట్టుకుపొండమ్మా అంది ఈ దర్జీ అమ్మ. 'ఇంట్లో అడిగాను, తొందరేం లేదన్నారు. పూర్తిగా కుట్టాకే ఇవ్వు' అన్నారావిడ. ఆవిణ్ణి నేను గుర్తుపట్టాను. నాకు విషయం అర్థమైపోయింది. ఇక ఆగితే లాభం లేదని బుల్డోజర్లు పిలిపించాను. చెయ్యకూడని పనేనండీ. సిగ్గుగానే ఉంది."

"ఆవిడేనండీ!" అంది దర్జీ, కూర్చున్నచోటి నుంచే. "మా మూటలు విప్పించింది ఆ మాటే!"

న్యాయమూర్తి బల్ల చరిచాడు.

"ఏం కథలు చెబుతున్నారయ్యా! ఎవరో ఇల్లాలు తొందరేం లేదంటే నా తీర్పు తెలిసిపోయిందా? ఆవిడేమన్నా జోస్యాలు చెబుతుందా? ఇంతకీ ఏం కుట్టడానికిచ్చిందట?"

అధికారి మొదటిసారి తలెత్తి, న్యాయమూర్తి చంక దగ్గరి చిరుగు వైపు చూశాడు.

"తమరి కొత్త కోటండీ."