సిలబస్‌లో లేని రాళ్లు

"యాభై మంది కనబడాలమ్మా. ఆరింటికి ఫొటో పంపు. లేదంటే శుక్రవారం వీణ కచేరీ లేదు, ఆదివారం సినిమా లేదు. ఖాళీ కుర్చీలకు కచేరీలెందుకు?" అని రిజిస్ట్రార్ ఫోన్ పెట్టేశాడు.

దమయంతి హాలంతా కలయజూసింది. నారాయణగూడలో విశ్వవిద్యాలయం కొత్తగా తెరిచిన ఆ హాల్లో నూట యాభై కుర్చీలు ఈగలు తోలుకుంటున్నాయి. కార్యక్రమాలన్నీ ఆమే కుదిర్చింది. కరపత్రాలు చిక్కడపల్లి నుంచి బర్కత్‌పుర దాకా ఆమే తిరిగి పంచింది. మొదటి ఉపన్యాసం ఐదున్నరకు. ఇప్పుడు నాలుగూ నలభై. వచ్చింది ఒక్కతే, చివరి వరుసలో ఫ్యాను కింద లావుపాటి పోటీ పరీక్షల పుస్తకం ముందేసుకున్న అమ్మాయి.

"ఉపన్యాసానికేనా అమ్మా?" దమయంతి ఆశగా అడిగింది.

"లే మేడం. నా పేరు రేణుక. అశోక్‌నగర్ల మా హాస్టల్ల కరెంటు పోయింది. గీడ ఫ్యాను తిరుగుతుంటే వచ్చి కూసున్న. లేచిపోవాల్నా?"

"కూర్చో తల్లీ. నువ్వు కూడా పోతే సున్నాయే."

వేదిక మీద ఉపన్యాసకుడు విశ్వేశ్వరరావు గారు సంచిలోంచి రాళ్లు తీసి రుమాలుతో తుడుచుకుంటున్నాడు. హైదరాబాద్ బండరాళ్ల గురించి నలభై ఏళ్లు పాఠం చెప్పి రిటైరైన మనిషి.

"బెంగపడకమ్మా," అన్నాడాయన. "ఒక్కడికి చెప్పిన రోజులూ ఉన్నాయి. వాడు మైకు సెట్టు కుర్రాడు. వైర్లు చుట్టుకోవాలని ఆగాడు."

దమయంతికి ఏడుపొక్కటే తక్కువ. రేణుక పక్కన కూలబడింది. "మీ హాస్టల్ వాళ్లను పిలవకూడదూ? టీ, బిస్కెట్లు కూడా ఉన్నాయి."

"చాయ్ తాగి పోతరు మేడం. రాళ్లు సిలబస్‌ల లెవ్వు గద."

"మరేం చేస్తే కూర్చుంటారు?"

రేణుక పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెప్పింది. "పరీక్ష పెట్టుండ్రి."

"పరీక్షా? ఇప్పటికిప్పుడు పేపరెక్కడ తేను?"

"పెడ్తమని రాయుండ్రి. గంతే."

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. కచేరీకి ఒక్కటాడితే తప్పేమిటని దమయంతి తనకు తానే సర్దిచెప్పుకుంది. బయట బోర్డు మీద ఉపన్యాసం పేరు కింద చాక్‌పీసుతో రాసింది: 'ఉపన్యాసంపై పరీక్ష కలదు. ఇరవై మార్కులు.'

రేణుక వచ్చి చూసి పెదవి విరిచింది. "నెగెటివ్ మార్కులున్నయని కూడా రాయుండ్రి మేడం. లేకుంటే ఉత్తుత్తి పరీక్ష అనుకుంటరు."

అదీ రాసింది. రేణుక ఫొటో తీసి తమ వాట్సాప్ గ్రూపుల్లో పడేసింది. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లతో కిటకిటలాడే చిక్కడపల్లి లైబ్రరీ పావుగంటలో సగం లేచి వచ్చింది. పరీక్ష అట్టలు, పారదర్శకమైన పర్సుల్లో రెండేసి పెన్నులు, ఆధార్ జిరాక్సులు. ఎవరూ చెప్పకుండానే మనిషికీ మనిషికీ మధ్య ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. కుర్చీలు చాలక వదిలినవి కూడా నిండాయి, ఇద్దరు గోడకానుకుని నిలబడ్డారు. జగదీశ్వర్ అనే పొడుగాటి అతను గుమ్మంలోనే ఆగాడు.

"మేడం, వాచీ ఇప్పాల్నా? షూ ఈడనే విడువాల్నా?"

"అక్కర్లేదు బాబూ, లోపలికి రా," అంది దమయంతి, అతని ముఖం చూడలేక.

ఆ సాయంత్రం విశ్వేశ్వరరావు గారి వయసు ముప్పై ఏళ్లు తగ్గింది. మనం రోజూ ఆటోలో దాటిపోయే బండలు రెండువందల యాభై కోట్ల ఏళ్ల నాటివని ఆయన చెబితే, "సార్, జర ఆ సంవత్సరాలు మళ్లోసారి," అని పది గొంతులు అడిగాయి. మళ్లీ చెప్పమని ఎవరైనా అడగడం ఆయన సర్వీసులోనే ఎరుగడు. రాయిని చేతికిస్తే వరుస వెంట వరుస తిప్పి తిప్పి చూశారు. గీ గీతలెట్ల వచ్చినయి, గీ మెరుపేంది అని అడిగారు. కాసేపటికి కొందరు రాయడం మరిచిపోయి వింటున్నారు. ఆరింటికి లెక్కతో సహా ఫొటో వెళ్లింది. 'నూట యాభై ఇద్దరా! కచేరీ, సినిమా కానివ్వండి,' అని వెంటనే జవాబొచ్చింది. దమయంతి ప్రాణం లేచొచ్చింది.

ఉపన్యాసం అయిపోయింది. చప్పట్లు ఆగాయి. నూట యాభై రెండు పెన్నుల మూతలు ఒక్కసారే ఊడాయి. అందరూ ఆమె వంకే చూశారు.

అప్పుడు తెలిసింది దమయంతికి, ఒక్క అబద్ధం ఎంత బరువో. చదువుకునే పిల్లల గంటన్నర కాజేసింది. ఇక శుక్రవారం ఈ గడప తొక్కేదెవరు? అనుమతి ఉండీ మళ్లీ ఖాళీ కుర్చీలే. పారిపోదామనిపించింది. కానీ మైకు పట్టుకుంది.

"మీరంతా నన్ను క్షమించాలి. హాలు నిండాలని అలా రాశాను. పేపర్ లేదు. పరీక్ష లేదు."

తిట్లకు సిద్ధపడి ఆమె తల దించుకుంది. మూడో వరుసలో కుర్చీ కిర్రుమంది. జగదీశ్వర్ లేచి, శాంతంగా పెన్ను మూత పెట్టుకున్నాడు.

"గింతదానికి పరేషానెందుకు మేడం, మాకు అలవాటే. సార్ మంచిగ చెప్పిండు, శుక్రవారం కచేరీకి గూడ వస్తం. గని ఒక్కటి చెప్పుండ్రి... ఈ పరీక్ష రద్దయినట్టా, వాయిదా పడ్డట్టా?"